పెడన అచ్చులకు చోటు

పెడన కలంకారీ టేకు అచ్చులకు ఫొటోలు, వీడియోలు తీసి దాస్తున్నాను. పువ్వు రేకుల సందుల్లో పాత రంగు ఇంకా గట్టిపడి ఉంటుంది, చూస్తే ప్రాణం లేచొస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 64 జీబీ, అందులో సగం విండోస్‌కే పోయింది. పక్కనున్న స్లాట్‌లో 256 జీబీ ఎస్‌డీ కార్డు పెట్టి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేశాను. ఫ్యాట్32లో ఉంచితే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సి డ్రైవ్‌లోని ఖాళీ ఫోల్డర్‌కు కార్డును కలిపితే అదీ లోపలి చోటులాగే కనిపిస్తుంది. ప్రోగ్రాములు మాత్రం అందులో వేయకండి, నెమ్మదిస్తాయి.

కార్డు చెప్పాపెట్టకుండా పోవచ్చు. అందుకే ఇంకో కాపీ గుడివాడలో అక్క దగ్గరుంచాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ ఇళ్లలో ఫొటో ఒక్కటీ మిగలని కుటుంబాలెన్నో.

బందరు, పెడనల్లో మీ ఇళ్లలో పాత అచ్చులుంటే చెప్పండి, కెమెరా తీసుకుని వస్తాను.