కొల్లేటికి కలెక్టర్ అవతారం

దేవ కట్టా తీసిన ‘రిపబ్లిక్’ (2021) హాల్లో చూస్తుంటే, పక్కన కూర్చున్న మా పెదనాన్న కొడుకు నా చెవిలో అన్నాడు: “ఇది మన కొల్లేరేరా.” సినిమాలో సరస్సు పేరు తెల్లేరు. పోల్చుకోలేని వాళ్ళెవరు?

సివిల్స్ పాసైన కుర్రాడు (సాయి ధరమ్ తేజ్) కలెక్టరై వస్తాడు. చేపల చెరువుల వెనక, సరస్సు చావు వెనక పార్టీ నాయకురాలు రమ్యకృష్ణ. వ్యవస్థ గురించి సినిమా చాలానే మాట్లాడుతుంది. అయినా ఆవిడ ఒక్కతీ పడిపోతే సరస్సు బతికిపోతుందనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఈల కూడా వేశాను, అబద్ధమెందుకు!

ఇంటికొచ్చాక సిగ్గేసింది. మశూచికి అమ్మవారే కారణమంటే నవ్వే మనం, సరస్సు చావుకి ఒక రాక్షసి, ఆమెను చంపడానికి ఒక అవతారం అంటే ఇంత సులువుగా నమ్మేస్తామా?

నిజం కొల్లేట్లో ఆ క్లైమాక్స్ ఎప్పుడో అయిపోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువు గట్లను పొక్లెయిన్లు పెట్టి తెగ్గొట్టారు. కొన్నేళ్ళకే చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

ఎందుకు లేచాయో మా ఇంట్లోనే తెలుస్తుంది. పెదనాన్నకి సంఘం చెరువులో వాటా ఉండేది. కాగితం మీద చెరువు లంక వాళ్ళది. పెట్టుబడి, మేత, లాభం లీజుకి తీసుకున్న బయటి షావుకారువి. ఏడాదికోసారి పెదనాన్న చేతికి ఒక కవరు వచ్చేది. నా ఇంటర్ ఫీజు ఆ కవరులోంచే కట్టారు. “లంకలో ఇంకేం పని ఉందిరా?” అనేవాడాయన. నా దగ్గర జవాబు లేదు. గట్లు కొట్టిన వాళ్ళ దగ్గరా సరైన జవాబు లేదు. కంపెనీ బోర్డు లేకుండా జరిగే ఈ కార్పొరేట్ దోపిడీని ఏ హీరో తంతాడు?

పైగా చెరువులొక్కటే కాదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగుంది, పొలాల పురుగుమందులున్నాయి, నీళ్ళు సముద్రానికి పోవాల్సిన ఒక్క ఉప్పుటేరులో పూడిక ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా నేను టీవీ ముందు కూర్చుని ఒక్క దోషి పేరు కోసమే ఎదురుచూశాను.

అన్నయ్య 2006లో పోయిన గట్టు మళ్ళీ పోసుకున్నాడు. హాల్లోంచి బయటికొస్తూ, సినిమా బాగుందన్నాడు. వచ్చేవారం పట్టుబడి ఉంది, రమ్మన్నాడు. వెళ్ళాను. రెండు శీలావతులు సంచిలో వేసిచ్చాడు. తెచ్చుకున్నాను.