ఊరు గెలిచిన ఏడాది

ర్యాలీ సైకిలు! సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో అరవై దాటిన పెద్దమనిషి దగ్గర ఈ మాట అని చూడండి. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కి చేతి గడియారం, సైకిలు అడిగే రోజులు గుర్తొచ్చి ముసిముసిగా నవ్వుతాడు. ఆ సైకిలు పుట్టినిల్లు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌. సైకిళ్లు, లేసు అల్లికలు, సిగరెట్లు తయారుచేసి పొట్టపోసుకున్న ఊరది. లండన్‌ అంత దర్జా లేదు. లివర్‌పూల్‌, మాంచెస్టర్‌లకున్న పేరూ లేదు.

అలాంటి ఊరి జట్టు ఒకటి 1977-78లో ఇంగ్లండ్‌ ఫుట్‌బాల్‌ను తలకిందులు చేసింది. పేరు నాటింగ్‌హామ్‌ ఫారెస్ట్‌. పుట్టింది 1865లో. అంటే అప్పటికి వయసు నూటపన్నెండేళ్లు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా దేశ లీగ్‌ విజేత కాలేదు. పైగా అంతకుముందు ఏడాది వరకూ ఆడింది రెండో డివిజన్‌లో! అక్కడి నుంచి పైకొచ్చిన మొదటి ఏడాదే కప్పు ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ జట్టూ ఆ పని చేయలేకపోయింది.

ఇదేదో అదృష్టం అనుకుంటే పొరపాటే. ఆ గెలుపు వెనక ఒక మొండి మనిషి ఉన్నాడు. ఆ మనిషి కన్నా ముందు ఒక నిచ్చెన ఉంది.

వైకుంఠపాళి ఆట

ఇంగ్లండ్‌ లీగ్‌ అచ్చం మన వైకుంఠపాళి. అప్పట్లో నాలుగు డివిజన్లు, 92 జట్లు. మొదటి డివిజన్‌లో 22 జట్లు. ప్రతి జట్టూ మిగతా 21 జట్లతో రెండేసిసార్లు ఆడాలి. ఒకసారి సొంతూళ్లో, ఒకసారి అవతలి వాళ్ల ఊళ్లో. మొత్తం 42 మ్యాచ్‌లు. గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఆగస్టులో మొదలైతే ముగిసేది మేలోనే. ఏడాది చివర అడుగున మిగిలిన మూడు జట్లను పాము మింగుతుంది. అవి కింది డివిజన్‌కు జారతాయి. కింద మొదటి మూడు స్థానాల్లో ఉన్నవి నిచ్చెనెక్కి పైకొస్తాయి. ఇందులో సిఫార్సు లేదు. దరఖాస్తు లేదు. పాయింట్లే టిక్కెట్టు.

1976-77లో ఫారెస్ట్‌ రెండో డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. వచ్చినవి 52 పాయింట్లు. వెనకే ఉన్న బోల్టన్‌, బ్లాక్‌పూల్‌లకు చెరో 51. అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో నిచ్చెన చివరి మెట్టు అందింది. ఆ పాయింటు తగ్గి ఉంటే ఈ కథే లేదు.

పనికిరాడన్న మనిషి

ఆ మొండి మనిషి పేరు బ్రయాన్‌ క్లఫ్‌. ఒకప్పుడు మంచి స్ట్రైకర్‌. లీగ్‌లో 274 మ్యాచ్‌లాడి 251 గోల్స్‌ కొట్టాడు. 1962 డిసెంబరులో మోకాలికి దెబ్బ తగిలింది. ఆట దాదాపు అక్కడితోనే ఆగిపోయింది. అప్పటికి అతనికి ఇరవయ్యేడేళ్లు. శిక్షకుడిగా మారి డెర్బీ అనే మరో చిన్న ఊరి జట్టును 1972లో దేశ విజేతను చేశాడు. నోటిదురుసు మనిషి. యాజమాన్యంతో పడక బయటికొచ్చాడు. 1974లో లీడ్స్‌ యునైటెడ్‌ పిలిచి పీఠమెక్కించి, 44 రోజులకే దించేసింది. ఇక పని అయిపోయిందనుకున్న మనిషిని 1975 జనవరిలో ఫారెస్ట్‌ చేరదీసింది. ఏడాదిన్నర తర్వాత పాత జోడీ పీటర్‌ టేలర్‌ వచ్చి కలిశాడు. మాట క్లఫ్‌ది, ఆటగాళ్లను వెతికే కన్ను టేలర్‌ది.

వాళ్లు కట్టిన జట్టు చూస్తే ముచ్చటేస్తుంది. జాన్‌ రాబర్ట్‌సన్‌ ఒళ్లు బరువెక్కి, క్లబ్బు అమ్మేద్దామనుకున్న ఆటగాడు. అతన్ని ఎడమ అంచున నిలబెట్టి, బంతి ఎప్పుడూ అతనికే ఇవ్వమన్నారు. కెన్నీ బర్న్స్‌ది గొడవల మనిషన్న పేరు, ఆడేది ముందు వరుసలో. అతన్ని వెనక్కి తెచ్చి రక్షణలో పెట్టారు. 1978లో ఫుట్‌బాల్‌ విలేకరులు ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎంచుకున్నది అతన్నే! వివ్‌ ఆండర్సన్‌ నాటింగ్‌హామ్‌లోనే పుట్టిన కుర్రాడు, జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబం. 1978 నవంబరులో ఇంగ్లండ్‌ సీనియర్‌ జట్టు తరఫున పూర్తిస్థాయి అంతర్జాతీయ మ్యాచ్‌ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. డబ్బు పెట్టాల్సిన చోట పెట్టారు కూడా. గోల్‌కీపర్‌ పీటర్‌ షిల్టన్‌ను పెద్ద మొత్తానికి తెచ్చారు. ఆ సీజన్‌లో 42 మ్యాచ్‌లకు కలిపి ఫారెస్ట్‌ ఇచ్చిన గోల్స్‌ 24 మాత్రమే.

ఓడి కూడా గెలిచారు

1977 ఆగస్టు 20న ఎవర్టన్‌ ఊళ్లో 3-1తో బోణీ కొట్టారు. కొత్తగా పైకొచ్చిన జట్టు కదా, నాలుగు వారాల ముచ్చటే అనుకున్నారంతా. ఆర్సెనల్‌ చేతిలో ఓడారు, చెల్సీ చేతిలో ఓడారు, నవంబరు 19న లీడ్స్‌ చేతిలో ఓడారు. అయిపోయింది... ఓటముల లెక్క అక్కడితో అయిపోయింది! ఆ తర్వాత 1978 డిసెంబరు 9న లివర్‌పూల్‌లో ఓడేదాకా లీగ్‌లో వరుసగా 42 మ్యాచ్‌లు ఓటమి అన్నది లేదు. సరిగ్గా ఒక సీజన్‌ అంత! ఆ రికార్డు 2004 దాకా చెక్కుచెదరలేదు.

డిసెంబరు 17న మాంచెస్టర్‌ యునైటెడ్‌ను దాని సొంత మైదానంలోనే 4-0తో చిత్తుచేశాక నవ్వినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. 1978 ఏప్రిల్‌ 22న కొవెంట్రీలో 0-0తో వచ్చిన ఒక్క పాయింటుతో కప్పు ఖాయమైంది. ఆఖరికి ఫారెస్ట్‌కు 64 పాయింట్లు, రెండో స్థానంలోని లివర్‌పూల్‌కు 57. మరుసటి ఏడాది యూరప్‌ ఖండం కప్పు, ఆపై ఏడాది మళ్లీ అదే కప్పు. ఆ రోజుల్లో ముందు వరుసలో ఆడిన గ్యారీ బర్టిల్స్‌ను చిన్న క్లబ్బు నుంచి రెండువేల పౌండ్లకు తెచ్చారు. అంతకుముందు అతను ఇళ్లలో తివాచీలు పరిచేవాడు!

అదే ఏడాది మనవాళ్లు

నాటింగ్‌హామ్‌ సంబరానికి సిద్ధమవుతున్న ఆ సీజన్‌లోనే, 1977 సెప్టెంబరు 24న, కలకత్తా ఈడెన్‌ గార్డెన్స్‌ కిక్కిరిసిపోయింది. పీలే ఆడుతున్న న్యూయార్క్‌ కాస్మోస్‌తో మోహన్‌ బగాన్‌ మ్యాచ్‌ అది. 2-2తో సమానమైన ఆ ఆటలో బగాన్‌ తరఫున ఒక గోల్‌ కొట్టింది మహమ్మద్‌ హబీబ్‌. మన హైదరాబాదీ!

మరి హైదరాబాదీ కలకత్తాలో ఎందుకున్నాడు? అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌ కొత్తేమీ కాదు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో కుర్రాళ్లకు పోటీలు పెట్టిన గురువాయన. ఆయన శిక్షణలో భారత్‌ 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. 1963లో రహీం కన్నుమూశాడు. ఆట మిగిలింది గానీ ఆటగాళ్లను నిలబెట్టే క్లబ్బులు ఇక్కడ లేవు. డబ్బూ జనమూ కలకత్తాలో ఉన్నాయి. నయీముద్దీన్‌ వెళ్లాడు, హబీబ్‌ వెళ్లాడు, తమ్ముడు అక్బర్‌ వెళ్లాడు. అక్కడ రాజులయ్యారు. 1977లో మోహన్‌ బగాన్‌ ఐఎఫ్‌ఏ షీల్డ్‌, డ్యూరాండ్‌, రోవర్స్‌ మూడూ గెలిచింది. ఆటగాడు ఎదిగాడు. అతన్ని కన్న ఊరు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

హైదరాబాద్‌కు చాన్నాళ్లకు మరో అవకాశం వచ్చింది. 2019లో హైదరాబాద్‌ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్‌ విజేత కూడా అయింది. కానీ కొవిడ్‌ కారణంగా ఆ సీజన్‌ మొత్తం గోవాలోనే నడిచింది. సొంతూళ్లో ఒక్క మ్యాచ్‌ కూడా ఆడకుండానే కప్పు వచ్చింది. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. కాగితం మీద ఉన్న జట్టును ఎక్కడికైనా మడిచి పట్టుకుపోవచ్చు. ఊళ్లో వేళ్లూనుకున్నదైతే పీకడం కష్టం. అదే ఫారెస్ట్‌ను చూడండి. ఆ తర్వాత పాము నోట్లోనే పడింది. 1999లో పై లీగ్‌ నుంచి జారి, 2005లో మూడో మెట్టుకూ దిగజారింది. అయినా 1898 నుంచి ఉంటున్న సిటీ గ్రౌండ్‌ను జట్టు వదల్లేదు, జట్టును ఊరూ వదల్లేదు. 23 ఏళ్ల తర్వాత, 2022లో మళ్లీ పైకెక్కారు.

మూడు ఊళ్లు, ఒక ప్రశ్న

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైవే మీద సూర్యాపేట, సరిహద్దు వాకిట్లో కోదాడ, రైసుమిల్లుల మిర్యాలగూడ. సూర్యాపేట, మిర్యాలగూడ జనాభా 2011 లెక్కల్లోనే లక్ష దాటింది. ఆటంటే ఇక్కడ ఆసక్తి లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్‌ కబడ్డీ పోటీలు మొదలైతే జనం పోటెత్తారు. ఆ సాయంత్రం గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. చూడ్డానికి వచ్చిన జనం కూర్చునే చోటు కూడా గట్టిగా లేకపోయింది! ఆ రోజు కూలింది ఇనుప కడ్డీలు, చెక్కలే. జనం ఆసక్తి కాదు.

ఆటగాళ్ల సంగతి? బడిలో మండల పోటీలు, జిల్లా ఎంపికలు, రాష్ట్ర జట్టు ఉన్నాయి. 2023లో, 2024లో సీఎం కప్‌ కూడా పెట్టారు. ఇదీ నిచ్చెనే. కాకపోతే ఒక్కడు ఎక్కే నిచ్చెన. బాగా ఆడే పిల్లవాణ్ని ఏరి పైకి తీసుకెళ్తారు. వాడు హాస్టలుకో అకాడమీకో వెళ్లిపోతాడు. మిగిలిన పదిమంది ఇంటర్‌తో బూట్లు అటకెక్కిస్తారు. ఈఏపీసెట్‌ కోచింగో, అన్న దుకాణమో, హైదరాబాద్‌ బస్సో వాళ్లను పట్టుకుపోతుంది. ఆదివారం మైదానంలో బంతి తన్నే కుర్రాడు రాత్రి ఒంటిగంటకు సెల్‌ఫోన్‌లో లివర్‌పూల్‌ మ్యాచ్‌ చూస్తాడు. అభిమానించడానికి అతనికి ఏడు సముద్రాల అవతల జట్టుంది. సొంతూళ్లో లేదు.

నాటింగ్‌హామ్‌లో ఎక్కింది ఒక్కడు కాదు. బరువెక్కినవాడు, గొడవలవాడు, వలసొచ్చిన ఇంటి పిల్లవాడు, పీఠం దింపినవాడు అంతా కలిసి ఎక్కారు. వాళ్లతోపాటు ఊరు ఎక్కింది. తేడా అక్కడుంది.

మరో తేడా కూడా ఉంది. మన దగ్గర టోర్నమెంట్లకు లోటు లేదు. సంక్రాంతికి ఒకటి, దసరాకు ఒకటి, నాయకుడి పుట్టినరోజుకు ఒకటి. షామియానా, మైకు, షీల్డు. ఒక్క మ్యాచ్‌ ఓడితే చాలు, మధ్యాహ్నం బస్సుకే ఇంటికి. లీగ్‌ అలా కాదు. టోర్నమెంటు రెండ్రోజుల పండగ, లీగ్‌ ఏడాది పొడవునా సాగే సంసారం. ఈ వారం ఓడితే వచ్చే వారం ఉంటుంది. ఫారెస్ట్‌ కూడా మూడు మ్యాచ్‌లు ఓడాకే విజేత అయింది. అదే నాకౌట్‌ పోటీ అయ్యుంటే సెప్టెంబరులోనే కథ ముగిసేది!

నిచ్చెనలు ఇక్కడా మొదలవుతున్నాయి. 2014లో పుట్టిన ఐఎస్‌ఎల్‌కు కింది లీగ్‌ గెలిచి ఎక్కే దారి 2023లో తెరుచుకుంది. పంజాబ్‌ జట్టు ఆ దారినే పైకెళ్లింది. కానీ నిచ్చెన అడుగు మెట్టు నేలకు ఆనాలి కదా! ఆ నేల ఢిల్లీలోనో గోవాలోనో ఉంటే లాభం లేదు. కోదాడలో ఉండాలి.

లెక్క చాలా చిన్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య ఎటు చూసినా బస్సులో గంటా గంటన్నర దూరం. మూడు జట్లు సొంతూళ్లో ఒకసారి, అవతలి ఊళ్లో ఒకసారి ఆడితే మొత్తం ఆరు మ్యాచ్‌లు. ఆరు ఆదివారాలు. హుజూర్‌నగర్‌, నల్గొండ, ఖమ్మం కలిస్తే ముప్ఫై. షామియానా ఖర్చు కూడా అక్కర్లేదు. రెండు గోల్‌పోస్టులు, నాలుగు బంతులు, ఓ విజిల్‌, ముందే అచ్చేసిన తేదీల పట్టిక చాలు. ఆ పట్టిక మీద ఉన్న తేదీకి వర్షం వచ్చినా, ఎన్నికలొచ్చినా మ్యాచ్‌ జరిగి తీరాలి. కష్టం అక్కడే ఉంది.

అది జరిగిన ఏడాది కోదాడ బస్టాండులో దిగే మిర్యాలగూడ కుర్రాళ్లు పదకొండు మందే కావచ్చు. మరుసటి ఏడాది వాళ్ల వెనక మరో బస్సు వస్తుంది. అందులో ఆటగాళ్లు ఉండరు, ఊరు ఉంటుంది.