శబ్దవేధి

దశరథుడు యువరాజుగా ఉన్నప్పుడు సరయూ తీరాన చీకటిలో ఒక చప్పుడు విన్నాడు. ఏనుగు నీరు త్రాగుతున్నదని తలచి బాణం విడిచాడు. అది కడవలో నీరు ముంచుకొంటున్న మునికుమారునికి తగిలింది. బాణం గురి తప్పలేదు. గుర్తించడంలోనే పొరపాటు జరిగింది.

నేటి వైద్యశాస్త్రంలోనూ ఒక శబ్దవేధి విద్య ఉంది. మన శరీరంలోని ప్రతిదేహాలు ఒక్కొక్కటి ఒక్కొక్క గుర్తునే పట్టుకొంటాయి. ఒకే గుర్తును పట్టే ప్రతిదేహాలను కోరినన్ని తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అటువంటి ప్రతిదేహానికి రేడియోధార్మిక పరమాణువును జోడిస్తే, అది రక్తంలో పయనించి క్యాన్సర్ కణాన్ని చేరుతుంది. పరమాణువు నుండి వెలువడే కిరణాలు ఆ కణాన్ని నశింపజేస్తాయి.

ఊపిరితిత్తుల క్యాన్సర్లలో వేగంగా వ్యాపించే ఒక రకానికి చెందిన కణాలపై డి.ఎల్.ఎల్.3 అనే ప్రొటీను ఉంటుంది. ఆరోగ్యవంతమైన కణాల పైపొరపై అది అరుదు. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ శాస్త్రవేత్తలు దానిని పట్టే ప్రతిదేహానికి లుటీషియం-177ను జోడించి, మానవ కణితులను పెంచిన ఎలుకలకు ఇచ్చారు. కణితులు తగ్గినట్లు 2022లో ప్రకటించారు.

అయితే లుటీషియం శక్తి సగం తగ్గడానికి దాదాపు 6.7 రోజులు పడుతుంది. ప్రతిదేహం రక్తంలో తిరిగినంతకాలం ఎముకల మూలుగకు ముప్పు తప్పదు. గుర్తు మరొక అవయవంలో ఉంటే అక్కడా దెబ్బ తగులుతుంది. అందుకే ముందుగా మూగజీవులపై ఈ పరీక్ష.

మా గుమ్మఘట్టలో ఒక పెద్దాయన కుమారునికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఆయన ఒకనాడు పత్రికలోని వార్తను చేతబట్టుకొని వచ్చాడు.

"అయ్యవారూ, మందు కనుక్కొన్యారంట గదా! మావానికి ఎప్పుడొస్తాది?"

డ్రిప్పు గొట్టం చీనీచెట్టు పాదుకే నీరు చేర్చినట్లు, కణితికే మందు చేర్చే ప్రయత్నమిదని వివరించాను. ఆయన ముఖం వికసించింది. తరువాతి మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను: "ఇది ఎలుకలలో నయమైంది, పెద్దాయనా. మనుషులలో ఇంకా తేలవలసి ఉంది. డాక్టరు ఇస్తున్న మందులు మాత్రం మాన్పించవద్దు." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

విద్యార్థులారా! 'ఎలుకలలో' అన్న పదంలోని 'లో' ఒక చిన్న విభక్తి ప్రత్యయం. దానిని విడిచి చదివితే వార్త అబద్ధమవుతుంది; ఒక తండ్రి ఆశ అడియాస అవుతుంది. దానిని విడువక చదివితే, శాస్త్రం ఎంతదూరం వచ్చిందో, ఇంకా ఎంతదూరం నడవాలో తెలుస్తుంది.