గరికతో నేసిన తివాచీ

సికిందరాబాదు నుండి కరీంనగరు వెళ్లే దారిలో తిరుమలగిరి, లోతుకుంట దాటగానే అల్వాల్ వస్తుంది. ఒకప్పుడు చెరువులు, పొలాలు ఉన్న పల్లె ఇది. 2007లో హైదరాబాదు మహానగరంలో కలిసిపోయింది. పాతవారు సికిందరాబాదును ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తారు. 1806లో ఇక్కడ ఇంగ్లీషు వారి దండు దిగింది. ఆ దండుతోపాటే బారకాసులు, గుర్రాల శాలలు, దేవాలయాలు వచ్చాయి. అల్వాల్ పక్కనే ఉన్న బొల్లారంలో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ దేవాలయం నేటికీ ఉంది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున అక్కడి ఆరాధనలో పాల్గొన్న సంగతి మన సంఘాలలో పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. రాష్ట్రపతి నిలయం కూడా ఆ సమీపంలోనే ఉంది.

ఈ దండు ప్రాంతంలోనే సైన్యం వారి గోల్ఫ్ మైదానం ఒకటి ఉంది. అందరికీ ప్రవేశం ఉండే చోటు కాదు. అయినా ఆ ఆటలోని ఒక విషయం పల్లెల్లో పొలం పనులు ఎరిగిన మన పాఠకులకు పట్టణవాసులకంటే బాగా అర్థమవుతుంది. అది గ్రీన్ సంగతి.

గ్రీన్ అంటే ఏమిటి?

గోల్ఫ్‌లో ఆటగాడు ఒక చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టుకుంటూ, కొన్ని వందల గజాల దూరంలో ఉన్న ఒక గుంటలో వేయాలి. అలాంటి గుంటలు మొత్తం 18. ఒక్కొక్క గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఈ కొలత 1891 నుండి లోకమంతటా ఒక్కటే. గుంట చుట్టూ గడ్డిని మిక్కిలి పొట్టిగా కత్తిరించి, నున్నగా ఉంచిన స్థలమే గ్రీన్. అక్కడి గడ్డి ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. బియ్యపు గింజ పొడవు కూడా ఉండదు. అక్కడికి చేరాక ఆటగాడు బంతిని కొట్టడు, మెల్లగా నెడతాడు.

ఒక లెక్క చూడండి. ఒక్కో గ్రీన్ సుమారు ఆరు వేల చదరపు అడుగులు అనుకుంటే, 18 గ్రీన్లూ కలిపి రెండున్నర ఎకరాలు అవుతాయి. మైదానం మొత్తం వంద ఎకరాలు దాటినా, ఆటలో సగం ఈ రెండున్నర ఎకరాలలోనే జరుగుతుంది. ఎందుకంటే మంచి ఆటగాడు 72 దెబ్బలలో ఆట ముగించాలని లెక్క కడితే, అందులో 36 గ్రీన్ల మీదే. ఒక చిన్న రైతుకుండే పొలమంత నేల మీద గెలుపోటములు తేలిపోతాయి.

మడి ఒక తీరు, గ్రీన్ ఒక తీరు

వరి మడి చేసే రైతు ఏం చేస్తాడు? దమ్ము చేసి, చదును చేసి, నీరు అంతటా ఒకే లోతున నిలిచేలా చూస్తాడు. ఎక్కడ బొటనవేలంత మిట్ట ఉన్నా నీరు పెట్టగానే కనిపెడతాడు. గ్రీన్ కట్టే వాడికీ అదే కన్ను కావాలి. అయితే అతని పని తలక్రిందులు. నీరు ఒక్క చుక్క కూడా నిలవకూడదు. నిలిస్తే వేరు కుళ్లుతుంది, బూజు పడుతుంది. అందుకే నేలకు వాలు పెడతాడు. గుంట తవ్వే చోట వంద అడుగులకు రెండు మూడు అడుగులకు మించకుండా, మిగిలిన చోట్ల ఇంకా ఎక్కువగా.

శ్రద్ధగా కట్టిన గ్రీన్ అడుగున ముందు నీరు పోయే గొట్టాలు, వాటి మీద నాలుగంగుళాల కంకర, దాని మీద పన్నెండంగుళాల ఇసుక కలిపిన మట్టి ఉంటాయి. అమెరికా గోల్ఫ్ సంఘం వారు 1960లో ఈ పద్ధతిని ప్రకటించారు. పైకి కనిపించే వంపులు, గూనులు, మెట్లు, గిన్నెల వంటి పల్లాలు అన్నీ ఆ అడుగు పొర నుండే మొదలవుతాయి. పైన మట్టి పోసి వంపు తిప్పితే చాలదు.

ఈ వంపులే గ్రీన్‌కు ముఖం. చదునైన గ్రీన్‌ను చూసినవారు మరునాటికి మరచిపోతారు. ఒంటె మూపులా లేచినదాన్ని, రెండంతస్తుల అరుగులా ఉన్నదాన్ని, వెనక్కి వాలి బంతిని జార్చేదాన్ని ఏళ్లు గడిచినా మరువరు. అక్కడ గుంట వైపు సూటిగా నెడితే బంతి దారి తప్పుతుంది. ఏటవాలును చదివి, పక్కకు నెడితేనే అది తిరిగి గుంటకు వస్తుంది.

బ్రౌన్ల కాలం

మన దేశంలో గోల్ఫ్ పాతదే. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలిసింది. బ్రిటిషు దీవుల వెలుపల దానికంటే పాతది లేదు. అయితే నీటి ఎద్దడి ఉన్న చోట్ల గ్రీన్లు పెంచడం అసాధ్యమయ్యేది. అందుకని గుంట చుట్టూ ఇసుక పోసి, అది గాలికి లేవకుండా నూనె కలిపి, దొర్లించి గట్టిపరచేవారు. వాటికి బ్రౌన్లు అని పేరు. ఒకరి ఆట అయిపోయాక అడుగుల గుర్తులు పోయేలా గోనెతోనో చాపతోనో ఈడ్చి సరిచేయాలి.

బ్రౌన్ మీద ఆడవచ్చు గాని, దానికి పెద్ద వంపులు పెట్టలేరు. వాలు ఎక్కువైతే ఒక్క వానకు ఇసుక కొట్టుకుపోతుంది. పొలం గట్టును గడ్డి వేరు ఎలా పట్టి నిలుపుతుందో, గ్రీన్ వంపును కూడా గడ్డి వేరే పట్టి నిలపాలి. గడ్డి లేనిదే వంపు లేదు.

రైతు తిట్టుకునే గడ్డి

ఆ గడ్డి ఏదో తెలుసా? మన గరికే! చేలో పడితే రైతుకు నిద్ర లేకుండా చేసే గరిక. వేరు ముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ చేనంతా పాకే గరిక. ఇంగ్లీషు వారు దానికి బెర్ముడా గడ్డి అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త ఈ గరికనూ ఆఫ్రికా గరికనూ సంకరపరచి కొత్త రకాలు తీశాడు. వాటిలో 1965లో విడుదలైన టిఫ్‌డ్వార్ఫ్ అనే పొట్టి రకం వేడి దేశాల గ్రీన్లకు పేరు పొందింది. దానికి విత్తనం ఉండదు. తీగ ముక్కలు నాటితే కణుపు కణుపుకూ వేరు పోసుకొని, నేలకు అంటుకొని తివాచీలా అల్లుకుంటుంది. ఎంత పొట్టిగా కోసినా చావదు, ఎండకు వెరవదు. చేనుకు చేటు చేసిన ఆ మొండితనమే ఇక్కడ గుణమైంది.

గోలకొండలో ఒక మైదానం

పౌరులు ఆడే మైదానం చూడాలంటే అల్వాల్ నుండి నగరం ఆవలి కొసకు, గోలకొండకు వెళ్లాలి. 1656లో మొగలులు దాడి చేశాక కుతుబ్‌షాహీలు కోటకు కలిపి కట్టిన నయా ఖిలాలో గోల్ఫ్ మైదానం ఉంది. కోటగోడలు, బురుజులు, వందల ఏళ్ల నాటి బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు, వాటి మధ్య పచ్చని గ్రీన్లు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే దాని వెనుక ఒక తగవు కూడా ఉంది. కోటలోని పాత తోటల, నీటి కాలువల ఆనవాళ్లు దెబ్బతింటాయని చరిత్రాభిమానులు అభ్యంతరం చెప్పారు. వారి మాటను తీసివేయలేము. పాతకాలపు వారు కూడా అక్కడ నీటి వాలును చదివే తోట వేశారు. దాని మీదే కొత్త వాలు పెట్టేటప్పుడు రెండింటినీ కాపాడే జాగ్రత్త ఉండాలి.

నీటి సంగతి కూడా అంతే. వేసవిలో బస్తీలలో ట్యాంకరు కోసం బిందెలు వరుస కడుతుంటే, ఆటకు నీళ్లా అనే ప్రశ్న న్యాయమైనదే. మురుగునీటిని శుద్ధిచేసి వాడడం, గడ్డి పెంచే విస్తీర్ణం తగ్గించడం దానికి జవాబులు. గరిక తక్కువ నీటితో బ్రతికే గడ్డి గనుక ఆ దారి సాధ్యమే.

హిమాలయాలు అనే పచ్చిక

గ్రీన్ల వంపులకు తల్లి వంటి చోటు స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్. అక్కడి పాత మైదానంలో వంపులను ఎవరూ గీసి కట్టలేదు. సముద్రపు గాలి ఇసుకను తిన్నెలు పోసింది, గడ్డి వాటిని పట్టుకుంది. మనుషులు తరువాత సవరించారు. రెండేసి గుంటలకు కలిపి ఒకే గ్రీన్ ఉండేవి అక్కడ ఏడున్నాయి. 1978లో జపాను ఆటగాడు నకజిమా 17వ గ్రీన్‌కు రెండే దెబ్బలలో చేరాడు. తరువాత మెల్లగా నెట్టిన బంతి వాలులో జారి పక్కనున్న ఇసుక గోతిలో పడింది. బయటికి రావడానికే నాలుగు దెబ్బలు పట్టాయి. నాలుగుతో పోవలసినది తొమ్మిది అయింది.

ఆ మైదానాన్ని ఎన్నో ఏళ్లు కాపాడిన టామ్ మోరిస్ చేనేత పనివాని కుమారుడు. గడ్డి మీద ఇసుక చల్లితే అది బలపడుతుందని గ్రహించి ఆ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఆదివారం ఆటగాళ్లకు విశ్రాంతి అక్కరలేకపోయినా నేలకు కావాలన్నది అతని పట్టుదల. పెద్ద పోటీల సమయంలో తప్ప, నేటికీ ఆదివారం అక్కడ ఆట లేదు. ఊరి వారు పిల్లలతో వచ్చి ఆ పచ్చికపై నడుస్తారు.

దాని పక్కనే 1867లో స్త్రీల కొరకు ఏర్పడిన క్లబ్బు వారి పచ్చిక ఉంది. గుట్టలు గుట్టలుగా ఉండే ఆ నేలకు మన కొండల పేరే పెట్టి హిమాలయాలు అంటారు. కొద్దిపాటి రుసుము చెల్లిస్తే ఎవరైనా ఆడవచ్చు. అవ్వలు, మనుమలు కలిసి ఆ మిట్టపల్లాల మీద బంతులు దొర్లిస్తారు. పెద్ద క్లబ్బుల గోడలు ఎరుగని ఆట అది.

వేగం కోసం వంపులు పోతున్నాయి

ఇటీవలి దశాబ్దాలలో ఈ వంపులకు ఒక ముప్పు వచ్చింది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్‌సన్ అనే అమెరికా వాసి గ్రీన్ వేగాన్ని కొలవడానికి గాడి చెక్కిన ఒక పట్టీని తయారు చేశాడు. దాని మీద నుండి జారిన బంతి ఎన్ని అడుగులు దొర్లితే అంత వేగం. 1978లో అమెరికా గోల్ఫ్ సంఘం దానిని వాడుకలోకి తెచ్చింది. అప్పట్లో ఆరేడు అడుగులు దొర్లితే సాధారణం. నేడు పెద్ద పోటీలలో పన్నెండు దాటుతుంది. గడ్డిని ఇంకా పొట్టిగా కోసి, నున్నగా దొర్లించి ఆ వేగం తెస్తారు. అంత వేగంలో పాత వంపుల మీద బంతి ఆగదు. అందుకని పలుచోట్ల వంపులనే చదును చేస్తున్నారు. వేగం ఒక అంకె, పోల్చుకోవడం సులువు. వంపు అందం అంకెకు అందదు. అంకె కోసం అందాన్ని పోగొట్టుకోవడం ఆటలో మాత్రమే జరిగేది కాదు గదా!

తోటమాలి కొడుకు

చివరగా ఒక మన దేశపు సంగతి. ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ రూపొందించిన మైదానం ఉంది. అంత బరితెగించిన వంపులున్న గ్రీన్లు మన దేశంలో అరుదు. 2017లో భారత ఓపెన్ పోటీ అక్కడ జరిగినప్పుడు విదేశాల నుండి వచ్చిన పేరున్న ఆటగాళ్లు ఆ గ్రీన్ల మీద తికమకపడ్డారు. ఏడు దెబ్బల తేడాతో గెలిచినవాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా. అతని తండ్రి కలకత్తా క్లబ్బులో గ్రీన్లను కాపాడే పనివాడు. చౌరాసియా బాల్యంలో ఇతరుల కర్రల సంచి మోస్తూ, చూచి నేర్చుకున్నాడు. గురువు లేడు. తండ్రి కోసిన గడ్డే అతని బడి. అంతకు ముందు సంవత్సరం, 2016లో కూడా ఆ బహుమానం అతనిదే.

ఇందులో ఆశ్చర్యం లేదు. వాలును ఆటగా నేర్చుకున్నవారికి అది లెక్క. వాలును పనిగా ఎరిగిన ఇంట పుట్టినవానికి అది చూపు. వాన పడ్డప్పుడు నీరు ఎటు పోతుందో చెప్పగల పాలేరుకు, గట్టు ఎక్కడ తెగుతుందో ముందే చెప్పే రైతుకు ఉన్నది ఆ చూపే. వీటిని మనం విద్య అని పిలవడం మరిచాము. మైదానాలలో తెల్లవారకముందే లేచి గడ్డి కోసేవారి పేర్లు బహుమానాల పలకల మీద ఉండవు. అయినా వారు లేనిదే వంపు లేదు, ఆట లేదు.

ఈసారి అల్వాల్ మీదుగా వెళ్లేటప్పుడు దారి ప్రక్క గరికను ఒకసారి గమనించండి. అడుగుకు ఒక వేరు దించుకుంటూ, నేల వాలును బట్టి పాకుతూ ఉంటుంది. దాన్ని పీకి పారవేసే చేతులు, పెంచి తివాచీగా నేసే చేతులు తరచుగా ఒకే ఊరివి. మన పిల్లలు ఆ చేతుల పనిని చిన్నచూపు చూడకుండా పెంచుకుందాం.