రాతిలో కాపురం

రాతిని జడత్వానికి ప్రతీకగా చెప్పడం లోకరీతి. దయలేనివానిది రాతిగుండె అంటారు. పంట పండని చోటును రాళ్ళనేల అని నిట్టూరుస్తారు. కాని తెలంగాణ గుట్టలను నిదానించి చూసినవారికి ఆ మాటలలోని తొందరపాటు తెలుస్తుంది.

హైదరాబాదు పరిసరాలలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుండ్లు ఎవరూ పేర్చినవి కావు. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భంలోని శిలాద్రవం చల్లారి గట్టిపడింది. పైనున్న నేల అరిగిపోగా ఆ శిల బయటపడింది. ఎండకు, వానకు నెర్రెలు విచ్చి, పొరలు పొరలుగా ఊడి గుండ్రని రూపం దాల్చింది.

ఆ శిలపై మొదట కాపురం పెట్టేవి లైకెన్లు. శిలీంధ్రం, శైవలం కలిసి సాగించే సహజీవనమే లైకెన్. వంటింటి మసాలాలోని రాతిపువ్వు కూడా ఒక లైకెనే. ఇవి స్రవించే ఆమ్లాలు రాతిని మెల్లమెల్లగా కరిగిస్తాయి. ఆ పొడికి గాలి తెచ్చిన ధూళి తోడై నెర్రెలలో పిడికెడు మన్ను చేరుతుంది. అందులో నాచు, గడ్డి మొలుస్తాయి. ఆపై సీతాఫలం చెట్టు వేళ్ళూనుతుంది. అమెరికా ఖండం నుండి వచ్చిన ఆ చెట్టు నీటి ఎద్దడిని ఓర్చుకొని ఈ గుట్టలను మెట్టినిల్లు చేసుకుంది.

వానాకాలంలో బండల గుంతలు నిండి దొనలవుతాయి. కప్పలు వాటిలో గుడ్లు పెడతాయి. పక్షులు దప్పిక తీర్చుకుంటాయి. బండ రంగులో కలిసిపోయే మగ తొండ జతకట్టే కాలంలో ఎరుపు, నలుపు వన్నెలతో మెరుస్తుంది. డేగ నీడ పడగానే నెర్రెలోకి జారుకుంటుంది. కొమ్ముల గుడ్లగూబ గూడు కట్టదు. రాతిచరియ మీదనే గుడ్లు పెడుతుంది. దాని కూత అపశకునమని భయపడేవారున్నారు. కాని చేలలోని ఎలుకలను వేటాడి రైతుకు మేలు చేసేది అదే.

యుగాల ఓర్పుతో ఏర్పడిన ఈ లోకాన్ని ఒక్క పేలుడు కంకరగా మారుస్తుంది. ఇళ్ళకు, రహదారులకు రాయి అవసరమే. అయితే నరికిన చెట్టుకు బదులు మరొకటి నాటవచ్చు. పగిలిన గుండును తిరిగి మొలిపించే విత్తనం లేదు. ఈ సత్యాన్ని గ్రహించిన కొందరు పౌరులు 1996లో హైదరాబాదులో రాళ్ళ రక్షణకై ఒక సంఘాన్ని స్థాపించారు.

గుట్ట ఖాళీ స్థలం కాదు, నిండు కాపురమున్న ఇల్లు. ఇల్లు కూల్చే ముందు లోపల ఎవరున్నారో చూడడం మానవధర్మం.