కోళ్ళ గూడు కడిగిన ఆదివారం

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మా బాబు చిన్న పారతో కోళ్ళ గూట్లో పాత ఊక లాగుతున్నాడు. మా పాప చీపురుతో ఊడుస్తోంది. మా ఆడపడుచు కొడుకు, నాలుగేళ్ళ చిన్నోడు, రెండు చేతులతో ఆ ఊక ఎత్తి బకెట్‌లో పోస్తున్నాడు. వెనకనించి నా గొంతు: "శభాష్ రా బంగారం!"

ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే మెచ్చుకోళ్ళే మెచ్చుకోళ్ళు. పిల్లలకి ఫోన్లు కాదు, ఇలాంటి పనులు అలవాటు చేయాలని ఒకరు రాస్తే నేను పొంగిపోయాను కూడా.

మేముండేది కొండాపూర్ దాటాక మసీద్ బండలో. డాబా ఎక్కితే చుట్టూ ఆఫీసుల అద్దాల మేడలు. వాటి మధ్య మాది నూట యాభై గజాల పాత ఇల్లు, వెనకాల కాస్త జాగా. పిల్లలు కుక్కపిల్ల కావాలని పోరుతుంటే మావారు నాలుగు గ్రామప్రియ కోడిపెట్టలు తెచ్చారు. ఈ రకాన్ని అభివృద్ధి చేసింది మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థేనట. నాలుగింటికీ పేర్లు పెట్టేశారు పిల్లలు. లడ్డూ అనే పెట్టయితే చిన్నోడి ఒళ్ళో కూర్చునేది. వాడు దాన్ని ముద్దు కూడా పెట్టుకునేవాడు. అదీ చూసి నవ్వుకున్నదాన్నే నేను.

ఆ ఆదివారం పని అయ్యాక పిల్లలు పంపు కింద చేతులు తడుపుకుని లోపలికొచ్చారు. తడుపుకున్నారంతే, సబ్బు లేదు. చిన్నోడు అది కూడా చేశాడో లేదో నేను చూడలేదు. వస్తూనే జంతికల డబ్బాలో చేయి పెట్టాడు.

మంగళవారం రాత్రి ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, వాడికి ఒళ్ళు కాలిపోతోంది. ఒకటే విరేచనాలు. బయటేమన్నా తిన్నాడా?" లేదన్నాను. నిజమే కదా మరి, బయటేమీ తినలేదు. తెల్లారేసరికి ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టారు. మలంలో రక్తపు జీర కనిపించిందట. నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ అడుగుతున్నారు, ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా అని. మా ఆడపడుచుది నల్లగండ్లలో అపార్ట్‌మెంటు. "లేవండీ" అంది.

తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఆ చిన్న చేతికి గుచ్చిన సూది చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది. "మా ఇంట్లో కోళ్ళున్నాయండీ. ఆదివారం వాడు గూడు శుభ్రం చేశాడు."

ఆడపడుచు నా వైపు తిరిగి చూసింది. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

పరీక్షలో సాల్మొనెల్లా అని తేలింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు: కోడికి ఏ జబ్బూ లేకపోయినా, చక్కగా గుడ్లు పెడుతున్నా దాని పేగుల్లో ఈ సూక్ష్మజీవి ఉండొచ్చు. రెట్టలోంచి ఈకలకి, కాళ్ళకి, ఊకకి, గుడ్డు పెంకుకి అంటుకుంటుంది. మన చేతినించి నోట్లోకి పోతుంది. కొన్ని గంటల్లోనో, ఐదారు రోజుల్లోపో జబ్బు బయటపడుతుంది. పెద్దవాళ్ళు తట్టుకున్నా ఐదేళ్ళలోపు పిల్లల్లో ముదిరిపోవచ్చు. అందుకే ఆ వయసు పిల్లల్ని కోళ్ళని ముట్టుకోనివ్వద్దంటారట.

దేవుడి దయవల్ల చిన్నోడు నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు.

ఇంట్లో మా అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మా ఊళ్ళో ఎన్ని కోళ్ళు పెంచాం! వట్టి చేతుల్తో పెంట ఎత్తలేదూ? మేం బతకలేదూ?" అన్నారు. నేనూ మొదట అదే ధీమాతో ఉన్నదాన్ని కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. కాసేపటికి ఆవిడే, "అయినా పిల్లల్ని గూటి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదులే, కోడిపేలు పడతాయని తరిమేసేదాన్ని. మీ మామగారైనా నూతి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోందే గడప తొక్కడానికి లేదు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ కాలంలోనూ కట్టుబాట్లున్నాయి, కాకపోతే వాటికి శుభ్రత సూత్రాలని పేరు పెట్టలేదు. అక్కడ గూటికీ వంటింటికీ మధ్య పెద్ద దొడ్డి ఉండేది, దారిలో నుయ్యి ఉండేది. మా గూడు వంటింటి తలుపుకి ఐదడుగులు. నేను ఊరినించి కోడిని తెచ్చుకున్నాను గానీ, నూతి దగ్గర ఆగడాన్ని తెచ్చుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. గూడు పక్కనే పంపు, సబ్బు పెట్టించాను. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా చేతులు రుద్దాలి. మట్టి చేతులకి శానిటైజర్ పనిచేయదు. పెరట్లో చెప్పులు పెరట్లోనే. ఊక, రెట్ట తీసే పని పెద్దవాళ్ళదే, అదీ మాస్కు, గ్లవ్స్ వేసుకుని, దుమ్ము లేవకుండా ముందు నీళ్ళు చల్లి. గూటి సామాను వంటింటి సింకులో కడగం. ఇంకో పొరపాటు కూడా చేసేదాన్ని: వాసన పోతుందని రెట్ట మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేదాన్ని. రెట్టలోని అమోనియాతో బ్లీచింగ్ కలిస్తే ఊపిరికి హాని చేసే వాయువు వస్తుందట. ఇప్పుడు ముందు చెత్తంతా తీసి, సబ్బునీళ్ళతో కడిగి, పిల్లల్ని లోపలికి పంపించాకే బ్లీచింగ్.

మా పాప గుడ్లు ఏరుతుంది, బాబు మేత పోస్తాడు. పని అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. కోడి ముడుచుకుని కూర్చున్నా, చనిపోయినా ముట్టుకోకుండా నన్ను పిలవాలి. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి లక్షల కోళ్ళు పోయాయి. ఆ మార్చిలో పల్నాడు జిల్లా పాప, రెండేళ్ళది, ఆ జబ్బుతోనే మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అలాంటిదేమైనా కనిపిస్తే పశువుల ఆస్పత్రికి చెప్పాలి, మనం వైద్యం చేయకూడదు.

కోళ్ళని ఇచ్చేద్దామని మావారన్నారు. పిల్లలు ఏడ్చారు. తప్పు కోళ్ళది కాదు, పిల్లలదీ కాదు. పని నేర్పానని మురిసిపోయి, ఆ పని చేతులు కడుక్కోవడంతో గానీ పూర్తవదని నేర్పకపోవడం నాది.

మొన్న ఆదివారం ఆడపడుచు వచ్చింది. చిన్నోడు లడ్డూ కోసం పరిగెత్తాడు. ఆవిడ చేయి వాడి భుజం మీదే ఉంది. "దూరంనించే రా, అత్త చూపిస్తుంది" అన్నాను. వాడు చాపిన చేతులు వెనక్కి కట్టుకుని, నిలబడి కబుర్లు చెప్పాడు దానికి. ఇంకా వాడినొక్కడినీ మా ఇంట్లో వదిలి వెళ్ళడం లేదు తను. నేనూ అడగడం లేదు. వెళ్ళేముందు మాత్రం పంపు దగ్గర ఆగి, "సబ్బు ఇక్కడ పెట్టించడం మంచి పని వదినా" అంది.