తల దొరకని రాక్షసబల్లి

ముగ్గులో చుక్కలు పెట్టేది గీతతో కలపడానికే. సిరాతో చుక్కల బొమ్మ వేసేవాళ్ల పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. చుక్క పక్కన చుక్క పడుతూనే ఉంటుంది, ఏ రెండూ కలవకూడదు!

నల్లసిరా ఒక్కటే ఆధారం. నీడ కావాలంటే చుక్కలు దగ్గర దగ్గరగా, వెలుగు కావాలంటే దూరదూరంగా. ఎముక బాగా మెరిసేచోట పెన్ను అసలు ఆనించరు, అక్కడ తెల్లకాగితమే ఎముక. పెన్ను నిటారుగా దించాలి, నిటారుగా ఎత్తాలి. చెయ్యి కాస్త తొందరపడిందా... చుక్కకు తోక మొలుస్తుంది. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు వేయడం శాస్త్రగ్రంథాల బొమ్మల్లో ఆనవాయితీ. అచ్చుయంత్రానికి నలుపు, తెలుపు తప్ప మధ్యరంగు తెలియదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ స్థిరపడింది. అంతెందుకు, పేపర్లో ఫొటోని భూతద్దం కింద పెట్టి చూడండి, అదీ చుక్కలే.

పెన్ను పట్టిన పిల్లలు ముందుగా వేసేది సినిమాలో చూసిన టీరెక్స్‌నే. అది అమెరికాది. మన మట్టిలోంచి వచ్చినదాన్ని వేయాలనుకుంటే హయత్‌నగర్ వాళ్లకి పెద్ద దూరం కాదు. బస్సులో ఎల్బీనగర్, అక్కణ్నుంచి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్, ఆపైన నౌబత్ పహాడ్. అక్కడి బిర్లా సైన్స్ మ్యూజియంలో 2000లో తెరిచిన డైనోసారియం ఉంది. అందులో నిలబడి ఉన్నదే కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి పేరే దానికి ఇంటిపేరైంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి.యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. ఆ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం ఉన్నది నాగోలు పక్కనున్న బండ్లగూడలోనే.

కాళ్లు, వెన్నుపూసలు, తుంటి ఎముకలు... చూసి వేసుకోవడానికి కావలసినంత ఉంది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలిసి దొరికాయి మరి. చిక్కంతా మెడ దాటాక వస్తుంది. పన్నెండింటిలో ఒక్కదాని పుర్రె కూడా దొరకలేదు. దొరికినవి రెండు పళ్లు. మ్యూజియంలో మనకు కనిపించే తల ఊహించి పెట్టిందే.

ఈ జాతి జంతువుల పుర్రె తేలిక, మెడకు దాని పట్టూ తక్కువ. చచ్చిపోగానే ఊడి కొట్టుకుపోతుంది. అదే లోయలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్ వాళ్లు తవ్వి తీసి, రవీంద్రుడి పేరు కలిపి 1975లో నామకరణం చేసిన బారాపాసారస్ టాగోరైదీ ఇదే కథ. దానికీ తల లేదు. అమెరికాలోనైతే పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియం అపటోసారస్‌కి వేరే జంతువు తల తగిలించింది. అసలు తల పెట్టింది 1979లో! అన్నాళ్లూ పుస్తకాల్లో, బొమ్మల్లో తిరిగింది ఆ అరువు తలే. బొమ్మలో అబద్ధం పడితే ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

అందుకే కోటాసారస్‌ని వేసేవాళ్లకు తలదగ్గర అసలు పరీక్ష. ఒత్తుగా నీడలు పోసి, కన్నూ ముక్కూ తీర్చిదిద్దితే బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. కానీ ఆ చుక్కల వెనక ఎముక లేదు. గీతతో వేస్తే ఈ తేడా చూపించడం కష్టం, గీత ఉందంటే ఉన్నట్టే. చుక్కకైతే ఆ వెసులుబాటు ఉంది. మెడ చివరి పూస దాకా ఒత్తుగా వేసుకొచ్చి, అక్కణ్నుంచి పలచబరచుకుంటూ పోవచ్చు. తల ఉండాల్సిన చోట అంచు తెలిసేలా ఓ పాతిక చుక్కలు, దూరదూరంగా. లోపలంతా తెల్లకాగితం.

ఇంటికి పట్టుకెళ్తే తలెందుకు వదిలేశావని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని కాగితం పైమూల కొంత చోటు ముందే ఉంచుకోవడం మంచిది. అక్కడ ఆ రెండు పళ్లూ విడిగా, పెద్దవిగా, చెంచా బొద్దులా ఉన్న వాటి ఒంపు తెలిసేలా ఒత్తైన చుక్కలతో... కింద ఓ చిన్న కొలతగీత.